పులి దారి, పోడు చేను

(హైమన్‌డార్ఫ్ దంపతుల స్మారక ఉపన్యాసం)



హైమన్‌డార్ఫ్ దంపతుల పేరు మీద మాట్లాడమని నన్ను పిలిచారు. మార్లవాయికి ఇంత దగ్గర్లో వాళ్ల గురించి చెప్పడానికి నాకంటే అర్హులు ఈ వరసల్లోనే కూర్చుని ఉన్నారు. అయినా వెనక నిలబడ్డ కాలేజీ పిల్లల కోసం కొంచెం చెప్పనివ్వండి.

మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన మన దేశంలో ఉన్నారు. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి, హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లకూడదని ఆంక్ష పెట్టింది. అలా ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ ఈ కొండల్లోకి వచ్చారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్, ఆయన అనుచరులు పోలీసు తూటాలకు నేలకొరిగారు. ఆ తిరుగుబాటుకు మూలం ఎక్కడుందో చూడమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని అడిగింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. 1945లో ఆయన నివేదికలు ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. తర్వాత ఆయన చితాభస్మం కూడా ఆమె పక్కకే చేరింది.

ఆయన రాసిన వాటిలో పండగల గురించి, గోత్రాల గురించి, దేవతల గురించి ఎంతో ఉంది. ఈ రోజు నేను తలుచుకోదలచింది అది కాదు. ఊరూరా తిరిగి ఆయన వేసిన ఒక ప్రశ్న: ఈ చేను ఎవరు దున్నుతున్నారు, కాగితంలో ఎవరి పేరుంది, ఈ రెండూ ఎప్పుడు వేరయ్యాయి? ఆ ప్రశ్నకు వచ్చిన జవాబుల మీదే 1940ల చివరికి ఆదిలాబాద్ జిల్లాలో దాదాపు 1,60,000 ఎకరాలు 11,000కు పైగా ఆదివాసీ కుటుంబాల పేరున రాశారు. లావుణి పట్టా అనే మాట ఈ ఊళ్లలో ఇంకా బతికుండడానికి కారణం అది. ఇవాళ నేను మాట్లాడబోయేది పులి గురించే అయినా, నా పద్ధతి ఆయన దగ్గర నేర్చుకున్నదే. నేను ప్రణాళిక చదువుకున్నవాణ్ణి, పటాలు గీయడం నా వృత్తి. పటం గీసే ముందు చేనును అడగాలని ఆ నివేదికలు నాకు చెప్పాయి.

1. పులి ఎందుకు వస్తోంది

పటం ఒకసారి మనసులో పరుచుకోండి. ఉత్తరాన మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా, అందులో తాడోబా-అంధారి పులుల అభయారణ్యం. పడమరగా యవత్మాల్ జిల్లాలో తిప్పేశ్వర్. మనకూ వాళ్లకూ మధ్య పెన్‌గంగ, వార్ధా. వార్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత. ఈ నదులు రాష్ట్రాలకు హద్దులే కానీ పులికి కావు. అది ఈదుతుంది. దక్షిణాన కవ్వాల్. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. కోర్, బఫర్ కలిపి 2,000 చదరపు కిలోమీటర్లకు పైమాటే. తాడోబా, కవ్వాల్ నడుమ సిర్పూర్, కాగజ్‌నగర్, బెజ్జూర్, పెంచికల్‌పేట, దహెగాం, ఆసిఫాబాద్, వాంకిడి. మనం కారిడార్ అంటున్నది ఈ నడిమి భాగాన్ని.

2022 జాతీయ లెక్కల్లో మహారాష్ట్రలో 444 పులులు, తెలంగాణలో 21. ఆ ఇరవయ్యొక్కటిలో ఎక్కువ భాగం నల్లమల వైపు అమ్రాబాద్‌వి. పులిపిల్ల రెండేళ్లకు తల్లిని విడుస్తుంది. మగదైతే తండ్రి వయసున్న పులులతో పోరాడి నిలవాలి, లేదా కొత్త చోటు వెతుక్కోవాలి. తాడోబా నిండిపోయింది. కాబట్టి ప్రతి ఏటా కొన్ని కుర్రపులులు నది దాటుతాయి. ఇది ఎవరో పిలిస్తే వచ్చేది కాదు, ఎవరో వద్దంటే ఆగేదీ కాదు. ప్రభుత్వం జీవో ఇచ్చినా వస్తుంది, ఇవ్వకపోయినా వస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో నిలుపుకుంటే మన వాదనల్లో సగం వేడి తగ్గుతుందని నా నమ్మకం.

ఇంకో సంగతి. 2019లో తిప్పేశ్వర్ నుంచి బయల్దేరిన ఒక కుర్రపులికి మెడలో రేడియో పట్టీ ఉంది. అది మహారాష్ట్ర, తెలంగాణ జిల్లాలు దాటుకుంటూ దాదాపు 1,300 కిలోమీటర్లు నడిచి బుల్ధానా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. మన ఆదిలాబాద్ జిల్లా మీదుగానే పోయింది. పత్తి చేలు, జాతీయ రహదారులు, కాలువలు, ఊళ్ల అంచులు అన్నీ దాటింది. ఎక్కువగా రాత్రిపూటే కదిలింది. అది దాటిన ఊళ్లలో చాలా వాటికి అది వచ్చి వెళ్లినట్టే తెలియదు. నేను తర్వాత చెప్పబోయేదానికి ఆ పులి నడకే నాకు పెద్ద సాక్ష్యం.

2. పైనుంచి గీసిన గీతలు

ఈ జిల్లాలో ప్రతి తరానికీ ఒక గీత వచ్చింది. నిజాం కాలంలో రిజర్వు అడవుల హద్దులు ఊరి పెరళ్ల దాకా వచ్చేశాయి. పడావు వదిలిన చేను, అంటే నేల సారం తిరిగి వచ్చేదాకా నాలుగేళ్లు ఆగే చేను, సర్వే చేసినవాడి కంటికి ఖాళీ అడవిలా కనిపించింది. గీత దాని మీంచే పోయింది. భీమ్ పన్నెండు ఊళ్లు అడిగింది ఆ గీతల మధ్య ఊపిరాడకే.

మా తరం చూసినవీ ఉన్నాయి. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం కొత్త సార్సాలలో మొక్కలు నాటడానికి ట్రాక్టర్లతో వెళ్లిన అటవీ సిబ్బంది మీద దాడి జరిగింది. ఒక మహిళా అధికారి గాయపడ్డారు. ఆ దృశ్యం దేశమంతా టీవీలో చూసింది. సరిగ్గా నాలుగేళ్లకు, 2023 జూన్ 30న, అదే జిల్లా కేంద్రం ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రమంతటా లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా. ఒకే తేదీ, ఒకే జిల్లా. మొదటిరోజు అది ప్లాంటేషన్ భూమి, రెండోరోజు అలాంటిదే సాగుభూమి. ఈ మధ్య నాలుగేళ్లలో నేల మారలేదు. రెండు శాఖల దగ్గర రెండు పటాలున్నాయి, ఆ పటాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినవాళ్లు లేరు.

తర్వాత 2025 మే 30న జీవో 49. కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ డివిజన్లలో దాదాపు 1,49,000 హెక్టార్లను కుమ్రం భీమ్ కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించారు. దానికి వ్యతిరేకంగా జూలైలో ఉమ్మడి జిల్లా బంద్ జరిగింది. ప్రభుత్వం ఆ జీవోను నిలుపుదలలో పెట్టింది. ఈ సభలో బంద్‌లో కూర్చున్నవాళ్లూ ఉన్నారు, జీవోకు ముసాయిదా రాయడంలో సాయపడ్డవాళ్లూ ఉండొచ్చు. ఇద్దరికీ నేనొక మాట చెప్పాలి.

వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2002లో 36ఏ అనే సెక్షన్ చేర్చారు. అభయారణ్యాలను కలిపే ప్రభుత్వ భూమిని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించవచ్చని అది చెబుతుంది. కానీ స్థానిక ప్రజలతో సంప్రదించాకే అని కూడా అదే వాక్యంలో ఉంది. ఆ రిజర్వును చూసుకునే కమిటీలో ప్రతి గ్రామ పంచాయతీ నుంచి ఒక ప్రతినిధి ఉండాలని 36బి అంటుంది. అభయారణ్యం లాగా ఊళ్లను లేపే అధికారం ఈ సెక్షన్‌లో లేదు. అంటే, కాగితం మీద చూస్తే, ఉన్నవాటిలో ఇది మెత్తటి చట్టమే. మరి ఊళ్లు ఎందుకంత భయపడ్డాయి? కవ్వాల్ కోర్ నుంచి మైసంపేట, రాంపూర్ గ్రామాలు 2024లో ఖాళీ అయి కొత్త చోటికి వెళ్లడం అందరూ చూశారు. వాళ్లు ఒప్పుకునే వెళ్లారు, ప్యాకేజీ ఇచ్చారు, అది వేరే చర్చ. చూసినవాళ్లకు మిగిలింది ఒకటే లెక్క: పులి పేరుతో గీత వస్తే దాని వెనకాలే లారీ వస్తుంది. నూరేళ్ల అనుభవంతో వేసిన లెక్క అది. చట్టంలోని సెక్షన్లు వివరించి దాన్ని తుడిచేయలేం. గీతకు ముందు గ్రామసభ కూర్చుని ఉంటే ఆ భయం కొంతైనా తగ్గేది.

జీవో ఆగితే సమస్య ఆగిందని అనుకునేవాళ్లకు కూడా నా మాట ఇదే: పులి ఆగలేదు.

3. నిలిచే చోటు, నడిచే చోటు

ఇక్కడే నా అసలు వాదన. దయచేసి ఓపిక పట్టండి.

కారిడార్ అనగానే అందరం రెండు వేర్వేరు అవసరాలను కలిపి మాట్లాడుతున్నాం. పులి నిలిచే చోటు ఒకటి, పులి నడిచే చోటు ఒకటి. నిలవాలంటే, ముఖ్యంగా పిల్లల్ని పెంచాలంటే, దానికి ప్రశాంతత కావాలి, ఎండాకాలం ఇంకని నీరు కావాలి, దుప్పులు, కడుజులు, అడవిపందులు కావాలి. నడవాలంటే అంత అక్కర్లేదు. రాత్రి చీకటి, వాగు గట్టున పొద, రోడ్డు దాటే సందు. రేడియో పట్టీతో తిరిగిన ఆ కుర్రపులి మనకు నేర్పింది ఇదే. అది దాటిన చేలను ఎవరూ అడవిగా మార్చలేదు. ఎవరి పట్టా రద్దు కాలేదు.

మన జిల్లాలో చిక్కేమిటంటే, నడిచే చోటు కొన్ని దగ్గర్ల నిలిచే చోటైపోయింది. కవ్వాల్ కోర్‌లో ఏళ్ల తరబడి స్థిరపడిన పులి లేదు. కానీ కాగజ్‌నగర్ అడవుల్లో పదేళ్ల కిందటే ఒక ఆడపులి, సిబ్బంది ఫాల్గుణ అని పిలుచుకున్నది, పిల్లల్ని కని పెంచింది. దారి అనుకున్నది ఇల్లయింది. అయినా దారి మొత్తం ఇల్లు కాలేదు. లక్షన్నర హెక్టార్లలో పిల్లల్ని పెంచదగ్గ అడవి గుబుర్లు ఎన్ని, వాటి మధ్య పులి దాటిపోయే చేలు, వాగులు ఎన్ని అని విడదీసి చూపించే పటం ఒక్కటి గ్రామసభ ముందు పెట్టి ఉంటే, చర్చ వేరే రకంగా సాగేది. గుబుర్లలో నిబంధన గట్టిగా ఉండాలి. అక్కడ కొత్త గని, కొత్త రోడ్డు, కొత్త నరుకుడు వద్దు. అక్కడ నేను రాజీ పడడం లేదు. వాటి మధ్యనున్న సాగునేలలో మాత్రం మనం అడగవలసింది భూమిని కాదు, కొన్ని నెలల్లో కొన్ని గంటల దారిని.

అలాంటి దారి ఈ జిల్లాకు కొత్తదేం కాదు. పుష్యమాసంలో నాగోబా పూజకు ముందు మెస్రం వంశస్తులు ఝరి అనే పాత్ర పట్టుకుని కేస్లాపూర్ నుంచి జన్నారం వైపు గోదావరి హస్తినమడుగు దాకా కాలినడకన పోయి నీళ్లు తెస్తారు. ఆ దారి పొడవునా ఉన్న నేలలో వాళ్ల పేరున పట్టా ఉన్నది ఎంత? అయినా ఆ దారి వాళ్లదని ఊళ్లన్నిటికీ తెలుసు, ఏ రోజుల్లో ఎక్కడ బస చేస్తారో తెలుసు. యాజమాన్యం ఒకరిది, నడక ఇంకొకరిది, రెండూ ఒకే నేల మీద. బండ్ల బాటలకు, పశువుల దారులకు కూడా మన ఊళ్లలో ఇదే న్యాయం. పులి దారిని కూడా ఈ కోవలో ఆలోచించమని నా ప్రార్థన.

చట్టం దీనికి అడ్డు కాదు. 2006లో వచ్చిన సవరణ పులుల అభయారణ్యాలను కలిపే ప్రాంతాలను పర్యావరణానికి చేటు చేసే పనులకు మళ్లించకూడదని జాతీయ పులుల ప్రాధికార సంస్థకు బాధ్యత అప్పగించింది. అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం, తన 5వ సెక్షన్‌లో, వన్యప్రాణుల్ని, అడవిని, నీటి వనరుల్ని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఈ రెండూ ఒకే సంవత్సరంలో పుట్టిన చట్టాలు. మొదటిదాన్ని అటవీ శాఖ చదువుతుంది, రెండోదాన్ని ఆదివాసీ సంఘాలు చదువుతాయి. షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి 1996 నాటి పెసా చట్టం కూడా గ్రామసభను ముందు కూర్చోబెట్టింది. ఈ మూడూ కలిపి చదివే బల్ల ఒకటి జిల్లాలో ఎక్కడా లేదు.

4. ఊరి ప్రణాళికలో ఏముండాలి

ఇప్పుడు నా వృత్తిలోకి వస్తాను. కొంచెం పొడిగా ఉంటుంది, మన్నించండి.

ప్రతి పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక రాస్తుంది. అందులో సీసీ రోడ్డు ఉంటుంది, మురుగు కాలువ ఉంటుంది, నర్సరీ, పల్లె ప్రకృతి వనం, డంపింగ్ యార్డు, వైకుంఠధామం ఉంటాయి. వన్యప్రాణి దారి అనే గడి లేదు. కానీ పైన చెప్పినవాటిలో ప్రతి ఒక్కటీ ఆ దారిని తాకుతుంది. డంపింగ్ యార్డు ఊరి చివర, అడవి అంచున కడతాం, ఎందుకంటే అక్కడ ఎవరూ గొడవ చేయరు. అక్కడ కుక్కలు, పందులు చేరతాయి. వాటి వెనకాల చిరుత వస్తుంది. యార్డును అటు కాకుండా ఇటు కడితే పైసా ఎక్కువ కాదు. బోరు ఎక్కడ వేస్తాం, వాగు గట్టు ఎంత మేర దున్నుతాం, వీధి దీపం ఎటు చూస్తుంది, పశువుల మంద రాత్రి ఎక్కడ ఉంటుంది. ఇవన్నీ భూమి వాడకం ప్రశ్నలే. వీటిని పరిష్కరించడానికి హైదరాబాద్ నుంచి జీవో అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు పటం. రెవెన్యూ వాళ్ల నక్షాలో సర్వే నంబర్లుంటాయి. అటవీ శాఖ పటంలో కంపార్ట్‌మెంట్లుంటాయి. పోడు రైతు పట్టా అడవి కంపార్ట్‌మెంట్‌లో ఉంటుంది కాబట్టి నక్షాలో కనిపించదు. రెండూ ఒకే కాగితం మీదికి తెచ్చి, దాని మీద ఊరివాళ్లు తమకు తెలిసినవి గుర్తు పెట్టాలి: పులి అడుగులు ఏటా ఎక్కడ పడతాయి, ఆవును ఎక్కడ కొట్టింది, ఏ వాగులో మేలో కూడా నీళ్లుంటాయి. మేకల కాపరికి తెలిసినంత కెమెరాకు తెలియదు, కెమెరాకు తెలిసిన కొన్ని కాపరికి తెలియవు. రెండూ కలవాలి.

రెండోది పత్తి. ఇది నా గుండెను పట్టి లాగే విషయం, అందుకే కొంచెం సేపు ఇక్కడ ఆగుతాను. 2020 నవంబరులో దహెగాం మండలం దిగిడలో ఒక యువకుణ్ణి పులి చంపింది. అదే నెలాఖరులో పెంచికల్‌పేట మండలంలో పత్తి ఏరుతున్న ఒక అమ్మాయిని చంపింది. 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి చేనుకు వెళ్లిన ఒక యువతి చనిపోయింది. ముగ్గురూ చిన్నవాళ్లే. మూడుసార్లూ నవంబరే. కుర్రపులులు కొత్త చోటు వెతుకుతూ తిరిగే కాలం, పత్తి నడుము దాటి పెరిగి ఉండే కాలం, వంగి ఏరుతున్న ఆడమనిషి పులి కంటికి నాలుగు కాళ్ల జంతువులా కనిపించే కాలం, ఈ మూడూ ఒకే నెలలో కలుస్తున్నాయి. ఆ తర్వాత ఏం చేశారు? ఉదయం 10 నుంచి సాయంత్రం 4 లోపే చేలోకి వెళ్లమన్నారు, తల వెనక పెట్టుకోవడానికి ముఖం బొమ్మ మాస్కులు పంచారు. అటవీ సిబ్బంది తమ చేతిలో ఉన్నది చేశారు, వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ మాస్కు అనేది ప్రణాళిక విఫలమైన చోట ఇచ్చే చివరి సాధనం. ముందే చేయవలసింది వేరు. వాగు గట్టుకు ఆనుకున్న వరస చేలలో పత్తికి, కందికి బదులు ఎత్తు పెరగని పంట, అంటే సోయా, పెసర, శనగ లాంటివి, వేసేలా రైతుకు తేడా సొమ్ము కట్టివ్వాలి. అక్కడ పత్తి తప్పదంటే గుంపులుగా ఏరే రోజులు ఊరంతా కలిసి ఖరారు చేసుకోవాలి, ఆ రోజుల్లో పులి జాడ చూసే ట్రాకర్లు ముందు చేను చూసి రావాలి. ఏ చేను అన్నది పటం మీద సర్వే నంబరుతో ఉండాలి. జిల్లా అంతా పంట మార్చమనడం అన్యాయం; పులి నడిచే ఇరవై చేలకు మార్చమనడం, డబ్బిచ్చి మార్చమనడం సాధ్యం.

మూడోది కరెంటు తీగ. అడవిపంది కోసం చేను చుట్టూ పెట్టే తీగ పులిని చంపుతుంది, తెల్లారి నీళ్లకు పోయే రైతునూ చంపుతుంది. పంది పంట తింటే పరిహారం నెలల తరబడి రాకపోవడమే తీగకు మూలం. ఆవు విషయమూ అంతే. 2024 జనవరిలో కాగజ్‌నగర్ మండలం దరిగాం దగ్గర రెండు పులులు చనిపోయాయి. పులి కొట్టిన పశువు కళేబరానికి విషం పెట్టారు. అది నేరం, శిక్ష పడాలి. అయితే ఎద్దు పోయిన రోజే, ఆ సాయంత్రమే, డబ్బు చేతిలో పడే ఊళ్లో విషం డబ్బా తెరవాలని ఎవరికి అనిపిస్తుంది? ఆ డబ్బు పంచాయతీ ఖాతాలోనే ముందుగా నిల్వ ఉంచాలి, బీట్ ఆఫీసరు, సర్పంచి ఇద్దరి సంతకంతో ఇవ్వాలి, తర్వాత శాఖ తిరిగి నింపాలి.

రోడ్లు, రైలు, కాలువల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో వాదన తక్కువ, చేయవలసింది ఎక్కువ. మంచిర్యాల నుంచి చంద్రపూర్ వైపు వెళ్లే 363 జాతీయ రహదారి, కాజీపేట-బల్లార్షా రైలు మార్గం, ప్రాణహిత-చేవెళ్ల ప్రాజెక్టు కోసం తవ్వి సగంలో ఆగిన కాలువ, రెబ్బెన వైపు బొగ్గు గనులు, ఇవన్నీ పులి దారికి అడ్డంగా పడుకుని ఉన్నాయి. వీటి ముందు ఒక గోండు రైతు మూడెకరాల పోడు ఎంత? మహారాష్ట్రలో పెంచ్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి కింద జంతువుల కోసం దారులు కట్టారు. వాటిలో ఒకటి 750 మీటర్ల పొడవు. 2019లో అక్కడ పెట్టిన కెమెరాల్లో 18 రకాల జంతువులు దాటుతూ కనిపించాయి, పులులు పదుల సార్లు. అంటే పని జరుగుతుంది. ఆ రహదారే మన నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా వస్తుంది. పేదవాడి చేను మీద గీసినంత తేలిగ్గా కాంట్రాక్టరు రోడ్డు మీద గీత గీయగలిగితే, ఊళ్లు మన మాట నమ్ముతాయి. ముందు రోడ్డు కింద దారి కట్టండి, తర్వాత చేనును అడగండి. ఈ వరస నాకు ముఖ్యం.

5. రెండు అభ్యంతరాలు

వన్యప్రాణి మిత్రులు నన్ను అడుగుతారు: హక్కులు ఒప్పుకుంటూ పోతే అడవి ఇంకా నరుకుతారు కదా? గ్రామసభ కాదంటే? ఈ భయం ఒట్టిది కాదు. పట్టాల ఆశతో కొత్తగా నరికిన అడవి ఈ జిల్లాలోనే ఉంది, అందులో బయటినుంచి వచ్చినవాళ్ల చేయీ ఉంది. కానీ అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 తర్వాతి ఆక్రమణకు హక్కు లేదని స్పష్టంగా చెప్పింది. ఆ రోజు వరకూ ఉన్న ప్రతి హక్కునూ పూర్తిగా, మిగలకుండా గుర్తించినప్పుడే ఆ తర్వాతి నరుకుడును ఊరే ఆపగలుగుతుంది. సగం ఇచ్చి సగం తొక్కిపెట్టిన చోట నిజమైన పోడు, దొంగ పోడు కలిసిపోతాయి, ఎవరు ఎవరో ఊరికీ తెలియదు, శాఖకీ తెలియదు. హైమన్‌డార్ఫ్ నివేదికలు చెప్పిందీ ఇదే వరస: ముందు ఎవరిది ఏదో తేల్చు, తర్వాత హద్దు పాతు.

పులి దారి పటం వేటగాళ్ల చేతికి పడదా అని కూడా అడుగుతారు. పడకుండా చేయవచ్చు. ఈ రోజు పులి ఎక్కడుందో గోడ మీద రాయమని నేననడం లేదు. ఏటా ఎటు నడుస్తుందో ఊరికి ఇప్పటికే తెలుసు, ఆ తెలిసినదాన్ని ఊరి రక్షణకు వాడుకోమంటున్నాను.

ఊరివాళ్ల అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది: మనిషి కావాలా, పులి కావాలా? బిడ్డను పోగొట్టుకున్న ఇంటి ముందు నిలబడి నేను ఈ ప్రశ్నకు తెలివైన జవాబు చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఒకటి మాత్రం అడుగుతాను. తాడోబాలో పులులు పెరుగుతూనే ఉంటాయి, నది దాటుతూనే ఉంటాయి. ఈ రెండూ మన చేతిలో లేవు. దారి ఎటునుంచి ఉండాలో మనం చెప్పకపోతే, అది తన దారి తానే చూసుకుంటుంది, అది ఏ చేలోంచో, ఏ ఇంటి పెరట్లోంచో మనకు ముందు తెలియదు. ఊరి ప్రణాళికలో పులి దారి ఉండడం మొదట పులి కోసం కాదు, నవంబరులో పత్తి ఏరే అమ్మాయి కోసం.

డబ్బు ఎక్కడిది? అడవి పోగొట్టినందుకు కట్టే కంపా నిధులున్నాయి. గనుల మీద వచ్చే డీఎంఎఫ్‌టీ నిధులున్నాయి. అడవిని చీల్చిన పనుల నుంచే అవి వచ్చాయి. ఆ చీలికను కుట్టడానికి వాడితే న్యాయం. పంట తేడా సొమ్ము, పశువు పరిహారం నిల్వ, ట్రాకర్లుగా ఊరి కుర్రాళ్ల జీతాలు, ఈ మూడింటికీ అందులోంచి ఏటా కొంత కట్టాలి. ట్రాకరు ఊరివాడైతే వాడి మాట ఊరు వింటుంది. ఇప్పటికే కొందరు పనిచేస్తున్నారు; వాళ్లకు నెలనెలా జీతం అందాలి, బీమా ఉండాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? జిల్లా అంతా ఒకేసారి వద్దు. పెద్దవాగు ప్రాణహితలో కలిసే వైపు, పెంచికల్‌పేట, దహెగాం మండలాల్లో నది నుంచి అడవి గుబురు దాకా ఉన్న ఒక వరస ఊళ్లు తీసుకోండి. రెవెన్యూ సర్వేయరు, అటవీ బీట్ ఆఫీసరు, ఉట్నూరు ఐటీడీఏ మనిషి, వ్యవసాయ అధికారి, ఈ నలుగురూ కలిసి ఊరివాళ్లతో ఆ చేలన్నీ నడవాలి. తయారైన పటాన్ని గ్రామసభలో గోండిలో, కోలామీలో, తెలుగులో, మరాఠీ మాట్లాడే ఊళ్లయితే మరాఠీలో చదివి వినిపించాలి. అభ్యంతరం చెప్పిన చేను పక్కన ఆ అభ్యంతరం రాయాలి, చెరిపేయకూడదు. వచ్చే పత్తి కాలానికి ఆ కొన్ని ఊళ్లలో ఇది నడవాలి. ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది తర్వాతి గ్రామసభలోనే లెక్క చూడాలి. జీవో 49ని తిరిగి తేవాలా, మార్చాలా, వదిలేయాలా అన్న చర్చ ఆ లెక్క చేతిలో పట్టుకుని చేయవచ్చు.

ఆ పటం మీద మొదటి సంతకం గ్రామసభది కావాలి, దాని కింద డీఎఫ్‌ఓది, కలెక్టరుది. నా మాట ఇంతటితో అయింది. ప్రశ్నలకు సమయం ఉందని అధ్యక్షులు అంటున్నారు. ఊరి పెద్దలైన పట్లాలు, పత్తి చేలలో పనిచేసే అక్కలు ముందు మాట్లాడాలని నా కోరిక. అధికారులు, మేము పుస్తకాలవాళ్లం తర్వాత మాట్లాడతాం.